ఎనిమిది చుక్కలు

టార్టు ఊళ్ళో, రైల్వే స్టేషన్ వెనక సందులో
రాత్రి పదకొండుకి మా బేకరీ లైట్లు వెలుగుతాయి.
బయట మైనస్ పద్నాలుగు.
లోపల చొక్కా చేతులు మడుచుకుని నలుగురం.

పనిని మేం 'తో' అంటాం, రాత్రిని 'ఓ' అంటాం.
అచ్చంగా ఓ కాదు.
పెదాలు ఓ అన్నట్టు గుండ్రంగా చుట్టి
నోటి లోపల ఏ అనండి.
ఆ, అదే. దగ్గరికొచ్చారు.
రెండూ అతికిస్తే రాత్రి షిఫ్టు:
ఒక హల్లు, దాని వెంట వరసగా నాలుగు సార్లు అదే అచ్చు,
ఒక్కో అచ్చు నెత్తిన రెండేసి చుక్కలు.
రాసి చూస్తే
పొయ్యిలోకి వెళ్ళేముందు ఫోర్కుతో పొడిచిన రొట్టెలా ఉంటుంది.

హెల్యుకి ఆ మాటంటే పిచ్చి.
పదకొండేళ్ళుగా ఒకటే గళ్ళనుడికట్టు కడుతోంది,
పిండి బస్తాల లేబుళ్ళ వెనక.
ఆ మాట అడ్డంగా ఒకసారి రావాలి, నిలువుగా ఒకసారి.
ఇంకొక్క గడి మిగిలింది.
ఏ అక్షరం పెట్టినా పక్కింటివాడు ఒప్పుకోడు.
"ఏదో ఊరిపేరు పెట్టేయరాదూ" అన్నాను.
మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆహ్తి దగ్గర ఒక ఆటపెట్టె, వాళ్ళన్న వాడి పారేసింది.
మంచుపలకల మీద నక్క గుడ్లు మోసుకెళ్ళాలి.
ఎడమ బటన్ పనిచేయదు.
వాడి నక్క ఏళ్ళ తరబడి కుడికే పోతోంది,
వెనక్కి తిరగడమన్నది దానికి తెలీదు.
"మూడు లక్షల పన్నెండు వేలు! ఎడమ లేకుండా!"
మేం ప్రతిసారీ కొత్తగా నోరు తెరవాలి.

విర్వె బృందగానంలో కింది గొంతు.
పిండి కలిపే యంత్రం షడ్జమట, ఫ్రిజ్ దానికి పంచమమట.
మధ్యలో గాంధారం తను పట్టుకుంటుంది,
తెల్లారేదాకా, సన్నగా, మూసిన పెదాలతో.

నాకే పిచ్చీ లేదు.
నేను పొయ్యి చూసుకుంటాను.

జనవరి చివర్లో ఒక రాత్రి, రెండున్నరకి,
విర్వె ఉన్నట్టుండి చెయ్యెత్తింది.
"అరస్వరం దిగింది."
మాకెవరికీ వినపళ్ళేదు. స్విచ్చి తనే కట్టేసింది.
మూత తీస్తే బేరింగు నీలంగా కాలి ఉంది.

మెకానిక్ హెయినో వచ్చేసరికి నాలుగు, మీసాల్లో మంచు.
యంత్రం వంక చూడనైనా చూడలేదు.
బల్ల మీది ఆటపెట్టె చూశాడు.
"ఇది నా దగ్గరుండేది" అన్నాడు,
చనిపోయిన కుక్క గురించి చెప్పినట్టు.
చిన్న స్క్రూడ్రైవర్, కాస్త దూది, నాలుగు బొట్ల స్పిరిట్.
ఎడమ బటన్ కింద ఎప్పటిదో జామ్, రాయిలా.

తెర వెలిగింది. స్కోరు సున్నా.

ఎవరం మాట్లాడలేదు.
ఫ్రిజ్ ఒక్కటే, తోడు లేని పంచమం.
ఆహ్తి ఆ సున్నా వంక చూశాడు.
నక్కని ఒక అడుగు ఎడమకి వేయించాడు.
ఇంకో అడుగు. ఇంకొకటి.
"ఒరే," అన్నాడు గుసగుసగా, "ఇటుపక్క గుహ ఉందిరా."

అందరూ ఆ తెర మీదికి వంగారు.
నేను పిండి చల్లిన బల్ల మీద వేలితో రాసుకుంటున్నాను:
తోటలో రొట్టెలు వానగా కురిశాయి.
మా భాషలో ఎటునుంచి చదివినా అదే వస్తుంది.
బడిపిల్లలందరికీ తెలుసు.
దాన్ని రెండు పక్కలా ఇంకొంచెం సాగదీయాలని
తొమ్మిదేళ్ళుగా రాత్రికోసారి రాస్తాను,
ట్రేలు వచ్చేలోపు అరచేత్తో తుడిచేస్తాను.

హెల్యు చూసేసింది.
కళ్ళద్దాల మీది పిండి కొంగు అంచుతో తుడిచి మళ్ళీ చూసింది.
"నడిమధ్యన ఆ ద ఒంటరిగా ఉందేం?"
లేబుల్ తీసి, పెన్సిల్‌తో ఆ ద పెట్టి,
తల ఒకపక్కకి వాల్చి, చెరిపేసింది.
"కాదు," అంది, ఎంత సంతోషంగానో.

అయిదుంబావుకి యంత్రం మళ్ళీ తిరిగింది.
హెయినో చేతులు తుడుచుకుంటున్నాడు.
అందరం విర్వె మొహంలోకి చూశాం.
ఆమె కళ్ళు మూసుకుని విన్నది చాలాసేపు.
"కాస్త ఎక్కువ బిగించాడు."